మురుగు బురద పొలంలో వేసే ముందు: శాంపిల్ జాగ్రత్తలు

ఎస్‌టీపీ (ఊరి మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) బురద ట్రాక్టర్ లోడు దింపించుకునే ముందే, ఆ డ్రైనేజీలో ఏయే ఫ్యాక్టరీల నీళ్లు కలుస్తున్నాయో అడగండి. ప్లేటింగ్ (లోహాలకు పూత వేసే), బ్యాటరీ, తోళ్ల యూనిట్లు ఉంటే టెస్ట్ చేయించకుండా ముట్టుకోవద్దు.

గ్లవ్స్, బూట్లు తప్పనిసరి. చేతికి పుండు ఉంటే ఆ పని వేరేవాళ్లకు అప్పగించండి.

శాంపిల్ తీయడానికి జీఐ (జింక్ పూత పూసిన ఇనుప) బకెట్ వాడొద్దు, ఆ పూతలోని జింక్ శాంపిల్‌లో కలిసి రిపోర్టే తప్పుతుంది. కుప్ప పైన ఎండి పెళ్లలు కట్టిందే కాకుండా లోపల నల్లగా, జిగురుగా ఉన్నది కూడా పది పన్నెండు చోట్ల తీసి, ప్లాస్టిక్ టబ్‌లో బాగా కలిపి, అందులోంచి కిలో పంపండి. పురుగుమందుల అవశేషాల టెస్టుకైతే గాజు సీసా, ఐస్ బాక్స్ కావాలి.

రిపోర్టులో నత్రజని చూసి మురిసిపోకండి, విషపు లోహాలు ఎంతున్నాయో చూడండి. మన దేశంలో సిటీ కంపోస్టుకే (నగరాల చెత్తతో చేసే ఎరువు) కిలోకు కాడ్మియం 5, సీసం 100, నికెల్ 50, పాదరసం 0.15 మిల్లీగ్రాములు దాటకూడదు. నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) కూడా టెస్ట్ చేయించండి, ఆమ్ల నేలల్లో కాడ్మియం ఆకుకూరల్లోకి తేలిగ్గా ఎక్కుతుంది. నన్నడిగితే పాలకూర మడికి ఈ బురద అస్సలు వద్దు.

పీఫాస్ (ఏళ్ల తరబడి విరగని ఫ్లోరిన్ రసాయనాలు) మామూలు టెస్టులో కనపడవు, విడిగా అడగాలి. వాటివల్లే అమెరికాలోని మెయిన్ (Maine) అనే రాష్ట్రం 2022లో పొలాల్లో బురద వేయడాన్నే నిషేధించింది.

కొంత శాంపిల్ తేదీ, ట్రాక్టర్ నంబర్ రాసి మీ దగ్గరే దాచుకోండి.