డిప్రెషన్‌లో ఉన్నప్పుడు నడక ఎలా మొదలుపెట్టాలి

మనసు కుదుటపడ్డాక నడుద్దాంలే అనుకుంటే ఆ రోజు రాదు, ముందు కాళ్లు కదలాలి, మూడ్ తర్వాత మెల్లగా వస్తుంది. రాత్రే చెప్పులు గుమ్మం దగ్గర, తాళంచెవి వాటి పక్కన పెట్టుకోండి. పొద్దున లేచాక ఫోన్ ముట్టకుండా, మొహం కడుక్కుని వీధి చివరి కిరాణా కొట్టు దాకా వెళ్లి రండి, అంతే. వారానికి 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది గానీ, మొదట్లోనే ఆ లెక్క పెట్టుకుంటే మిగిలేది టెన్షనే. ఒంటరిగా కదలబుద్ధి కాకపోతే తమ్ముడినో పక్కింటివాళ్లనో "ఆరింటికి వచ్చి తలుపు కొట్టు" అనండి, మాటలు అక్కర్లేదు, తోడుంటే చాలు. ఒకరోజు మానేస్తే మర్నాడు రెట్టింపు నడవొద్దు. వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపకండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే నడక సంగతి తర్వాత, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.