సేవా ఖర్చుల లెక్క – మూడవ పాఠం: మైళ్ల పుస్తకం, 250 డాలర్ల లేఖ

జీతం లేకుండా సేవ చేస్తూ చేతి నుంచి పెట్టుకున్న ఖర్చును అమెరికా ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించి చూపుకోవడం గురించే ఈ పాఠాలు. ఏ సంస్థకు చేసిన సేవ లెక్కలోకి వస్తుందో గత పాఠంలో చూశాం. అమెరికాలో 501(సి)(3) అర్హత, అంటే పన్ను చట్టం గుర్తించిన ధార్మిక, సేవా సంస్థ హోదా, ఉన్న గుడికో, ఆదివారపు తెలుగు బడికో చేస్తే సరే గాని, స్వగ్రామంలోని ట్రస్టుకు నేరుగా చేస్తే చెల్లదు. పైగా 2025 సంవత్సరపు పన్నుకు, షెడ్యూల్ ఏ అనే ఫారంలో ఐటమైజ్ చేసేవారికే, అంటే ఖర్చులను విడివిడిగా చూపేవారికే, ఈ శ్రమ ఫలిస్తుంది. ఖర్చులేవీ చూపకుండానే ఆదాయంలోంచి తగ్గించుకోగల స్టాండర్డ్ డిడక్షన్ 2025కు కలిసి రిటర్ను వేసే దంపతులకు 31,500 డాలర్లు కనుక, మీ ఖర్చులన్నీ కలిపి అది దాటుతాయో లేదో ముందు లెక్క వేసుకోండి.

ఇక కారు సంగతి. బడికి రానుపోను 22 మైళ్లు, ఏడాదికి 36 ఆదివారాలు అనుకుంటే 792 మైళ్లవుతాయి. మైలుకు 14 సెంట్ల చొప్పున అది 110 డాలర్ల 88 సెంట్లు. ఈ రేటు చట్టంలోనే రాసి ఉన్నందువల్ల 1998 నుంచి కదలలేదు. గ్యాస్ ధర తెలిసినవారికి నవ్వు రాక మానదు. దానికి బదులు గ్యాస్, ఆయిల్‌కు నిజంగా అయిన ఖర్చు చూపవచ్చు. ఏ పద్ధతిలోనైనా పార్కింగ్, టోల్ అదనంగా కలుపుకోవచ్చు. ఇన్సూరెన్సు, తరుగుదల మాత్రం కుదరవు. మీరు వెచ్చించిన గంటలకూ విలువ కట్టకూడదు.

ఇంటికి రాగానే పుస్తకంలో ఇలా ఒక వరుస రాయండి: “2025 మార్చి 9, తెలుగు బడి, రెండో తరగతి పాఠం, 22 మైళ్లు, పార్కింగ్ 4 డాలర్లు.” ఏప్రిల్‌లో కూర్చుని ఏడాదంతా గుర్తు తెచ్చుకుని రాసిన పుస్తకాన్ని నేనైతే నమ్మను.

రసీదులున్నా సరిపోని సందర్భం ఒకటుంది. ఓక్లాండ్‌లో ఒక మహిళ పిల్లుల సంరక్షణ సంస్థ తరఫున పదుల కొద్దీ పిల్లులను ఇంట్లో సాకి, 2004 సంవత్సరానికి 12,068 డాలర్లు చూపారు. 2011లో టాక్స్ కోర్టు 250 డాలర్లకు లోపున్న ఖర్చుల్లో సంస్థ తరఫున సాకిన పిల్లులకు చెందినవాటిని ఒప్పుకుంది; 250, ఆపైన ఉన్నవాటిని మాత్రం సంస్థ నుంచి లేఖ లేదన్న కారణంతో కొట్టివేసింది.

ఆ లేఖలో మీరు చేసిన సేవ ఏమిటో, బదులుగా సంస్థ మీకు ఏమైనా ఇచ్చిందో లేదో, ఇస్తే దాని విలువ సుమారెంతో ఉండాలి. మీరు ఖర్చు పెట్టిన మొత్తాన్ని సంస్థ రాయనక్కరలేదు. దానిని రుజువు చేయవలసినవి మీ రసీదులే. రిటర్ను దాఖలు చేసే రోజు, పొడిగింపుతో కలిపిన గడువు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆలోపు లేఖ మీ చేతికి రావాలి.

అభ్యాసం: నిరుటి రసీదుల్లో 250 డాలర్లకు తగ్గనివాటిని వేరు చేసి, ఒక్కొక్కదాని వెనుక అది ఏ సేవకోసమో ఒక వాక్యం రాయండి. వచ్చే పాఠంలో యూనిఫాం, ఊరు దాటిన ప్రయాణాల ఖర్చులు చూద్దాం.