కాన్పులో తల్లికీ బిడ్డకీ దెబ్బ తగలకుండా ముందుగా ఏమేం చూసుకోవాలి?

మా ఆడబిడ్డ తొలి కాన్పుకి ఉదయగిరి పక్కనున్న మా ఊరికి వచ్చింది. సీమంతం చీరలు, గాజులు, రెండు డబ్బాల సున్నుండలు అన్నీ వచ్చాయి. ఏడు నెలలు చూపించుకున్న ఫైలు మాత్రం నెల్లూరులో అత్తగారింట్లోనే ఉండిపోయింది. వాళ్లాయనకి, అంటే మా అన్నయ్యకి, ఫోన్ చేస్తే మర్నాడు బట్టల షాపు కవర్లో చుట్టి బస్సులో పంపించారు.

మొదట ఫైలు సర్దండి

పుట్టింటికి బయల్దేరేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, రక్తపరీక్షల కాగితాలు చేతిసంచిలోనే పెట్టుకోండి. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే దాన్ని ఎర్ర పెన్నుతో పైనే రాసుకోండి. వచ్చిన వారంలోనే ఊళ్లో ఆశా కార్యకర్తకి చెప్పి పేరు రాయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి డాక్టరు ఉచితంగా చూస్తారు, అది వదులుకోకండి.

మూడు అంకెలు గుర్తుంచుకోండి

బీపీ 140/90 చేరిందా, హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గిందా, షుగర్ ఎంత. బీపీతో పాటు తలనొప్పి, కళ్లు మసకలు, మొహం ఉబ్బడం ఉంటే రాత్రయినా ఆగకూడదు. పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడే ఫిట్స్ అలాగే మొదలవుతాయి. హిమోగ్లోబిన్ 7 లోపుంటే కాన్పులో మామూలుగా పోయే రక్తానికే ప్రాణం మీదికొస్తుంది.

షుగర్ సంగతే ఎవరూ పట్టించుకోరు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగి రెండు గంటలయ్యాక చూస్తే 140 గానీ ఆపైన గానీ ఉంటే అది గర్భిణి షుగర్ కింద లెక్క. మా పిల్ల ఫైల్లో 168 ఉంది. ‘తీపి తగ్గించమన్నారు వదినా, అంతే’ అంది!

అంతే కాదు. షుగర్ అదుపులో లేకపోతే బిడ్డ బొద్దుగా, భుజాలు వెడల్పుగా పెరుగుతుంది. కాన్పులో తల బయటికి వచ్చేసి, భుజం తల్లి ఎముకకి తట్టుకుని ఆగిపోవచ్చు. కంగారులో తల పట్టి గట్టిగా లాగితే మెడ దగ్గరి నరాలు సాగిపోతాయి. అలాంటి బిడ్డని ఎత్తుకుంటే ఒక చెయ్యి ఆడుతూ ఉంటుంది, రెండోది పక్కన వాలిపోయి, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంటుంది. చాలామందికి కొన్ని నెలల్లో ఫిజియోథెరపీతో నయమవుతుంది. మూడు నెలలు దాటినా మోచెయ్యి మడవలేకపోతే పెద్దాసుపత్రిలో చూపించాలి.

పని తెలిసిన డాక్టరు లాగరు. తల్లి మోకాళ్లు రెండూ పొట్టకేసి బాగా మడిచి, పొత్తికడుపు దగ్గర అదిమి భుజాన్ని విడిపిస్తారు. పైనుంచి పొట్టమీద బరువంతా వేసి నొక్కడం వేరు, దానివల్ల గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. ఎవరైనా అలా చేయబోతే వద్దని చెప్పండి, మొహమాటం అక్కర్లేదు.

ఏ ఆసుపత్రో ఎనిమిదో నెలకే తేల్చుకోండి

ముందు ఆపరేషన్ అయినా, కవలలైనా, ఎదురుకాన్పు అన్నా, మాయ కిందికి ఉందన్నా, బీపీ, షుగర్ ఉన్నా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) చాలదు. ఏ వేళప్పుడైనా ఆపరేషన్, రక్తం దొరికే చోటు కావాలి. నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రులు అలాంటివే. మా ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. నొప్పులొచ్చాక బయల్దేరడం కంటే తేదీకి ముందే వెళ్లి చుట్టాలింట్లో ఉండటం మేలు. అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య, అంటే తుపాన్ల కాలంలో, తేదీ పడితే మరీను. 2021 నవంబరులో పెన్నా నది పొంగి నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలుకట్టే కొట్టుకుపోయింది.

ముహూర్తం కోసం ఆపరేషన్ పెట్టించుకునేవాళ్లకి ఒక మాట. 39 వారాలు నిండకముందు, వైద్య కారణం లేకుండా తీస్తే బిడ్డకి ఊపిరి అందక ఇబ్బంది పడే అవకాశం ఎక్కువ. పంతులుగారికి ఆ తేదీ తర్వాతి రోజులే ఇవ్వండి.

బిడ్డ కదలికలు, నొప్పులు

ఏడో నెల నుంచి రోజూ ఒకే వేళకి ఎడమవైపు పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి. బాగా తగ్గినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా 108కి ఫోన్ చేయండి. ‘నొప్పులు త్వరగా వస్తాయి’ అని ఇంటి దగ్గర ఇంజక్షన్ చేస్తామంటే ఒప్పుకోకండి. గుండె చప్పుడు చూసే ఏర్పాటు లేని చోట ఆ మందిస్తే నొప్పుల మధ్య విరామం లేక బిడ్డకి ప్రాణవాయువు అందదు. మెదడు దెబ్బతినేది ఇలాంటప్పుడే.

కాన్పు గదిలో తోడుండనిస్తారేమో ముందే అడగండి. తోడున్న మనిషి చేయాల్సింది ఒకటే: బిడ్డ గుండె అరగంటకోసారైనా వింటున్నారా అని చూడటం. నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకోవాలి.

బిడ్డ పుట్టగానే తుడిచి, తల్లి రొమ్ముమీద వెచ్చగా పడుకోబెడతారు. ఏడవకపోతే మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి. తలకిందులుగా పట్టుకుని వీపుమీద కొట్టడం పాత పద్ధతి, ఇప్పుడు చేయకూడదు.

మామూలు కాన్పయినా రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉండండి. ఇంటికొచ్చాక గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే, తల తిరుగుతుందంటే, ‘బాలింతకి ఇవన్నీ మామూలే’ అనే పెద్దమ్మ మాట పక్కనపెట్టి ముందు బండి పిలవండి.