ఓవెన్‌లో సిరామిక్ డిష్ పగలకుండా ఉండాలంటే

సిరామిక్ డిష్ ఓవెన్‌లో ఠప్పుమని రెండు ముక్కలైతే అందరూ ముందు అనే మాట "వేడి ఎక్కువ పెట్టేసుంటావ్" అని. కానీ వేడి ఎక్కువై పగలడం చాలా అరుదండీ. స్టోన్‌వేర్ (గట్టిగా కాల్చిన ఒక రకం సిరామిక్) డిష్‌ని తయారుచేసేటప్పుడే బట్టీలో 1200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, మనం పెట్టేది మహా అయితే 200. మరి అక్కడ పగలనిది ఇక్కడెందుకు పగులుద్ది అంటే, బట్టీలో వేడి గంటల తరబడి నిదానంగా ఎక్కుద్ది, నిదానంగానే దిగుద్ది, డిష్ అంతా ఒకేలా కాగుద్ది. మన ఇంట్లో అలా కాదు, ఒక పక్క కాలిపోతుంటే ఇంకో పక్క చల్లగానే ఉంటది, కాగిన చోట సాగుద్ది, చల్లని చోట సాగదు, స్టీలు లాగా వంగే గుణం దీనికి లేదు కాబట్టి ఆ లాగుడికి చిట్లుద్ది. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే ఏమవుద్దో అదే. కింద చెప్పేవన్నీ ఆ తేడా తగ్గించుకునే పనులే.

ముందు కొనేటప్పుడు. మందంగా, బరువుగా ఉంటే గట్టిదని ఏరుకుంటారు చాలామంది, ఈ విషయంలో మాత్రం అది రివర్స్. గోడ మందమయ్యేకొద్దీ లోపలికీ బయటికీ వేడి తేడా పెరుగుద్ది. ఆవకాయ జాడీ ఎంత గట్టిగా కనిపించినా ఓవెన్‌లోకి పనికిరాదు, అది వేడి కోసం చేసింది కాదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా డిష్‌ని తిరగేసి అడుగున ఓవెన్ సేఫ్ అని ఉందో లేదో చూడండి, మైక్రోవేవ్ సేఫ్ అని మాత్రమే ఉంటే సరిపోదు, ఆ రెండూ వేరు. ఎగ్జిబిషన్‌లో కొన్న జైపూర్ బ్లూ పాటరీ లాంటివి చూసుకోడానికే, ఓవెన్ జోలికి తీసుకెళ్లొద్దు.

ఇంట్లో ఉన్న పాత డిష్ మీద అనుమానముంటే కుండ కొనేటప్పుడు చేసే పనే చెయ్యండి, అరచేతిలో పెట్టుకుని వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే మంచిదే, మొద్దుగా చచ్చు శబ్దమొస్తే ఎక్కడో బీట ఉన్నట్టు. కంటికి కనపడని సన్న బీటలు తెలియాలంటే చిక్కటి టీ డికాషన్ పోసి కాసేపు ఉంచి కడిగి చూడండి, బీట ఉన్నచోట వెంట్రుకలాగా గోధుమరంగు గీత మిగిలిపోద్ది. అలాంటిది ఓవెన్‌లో పెట్టొద్దు, పళ్లు పెట్టుకోడానికి వాడుకోండి. ఇంకోటి, డిష్ అడుగున మెరుపు లేకుండా గరుకుగా ఒక రింగు ఉంటది చూశారా, దానికి గ్లేజ్ ఉండదు, రాత్రంతా సింకులో నానబెడితే అక్కడ నీళ్లు పీల్చుకోవచ్చు. ఆ తడితోనే ఓవెన్‌లోకి వెళ్తే లోపల ఆవిరై తోసుద్ది. కడిగాక బోర్లించి బాగా ఆరనివ్వండి.

ఇప్పుడు మన దగ్గర అసలు సమస్య. ఫ్రిజ్‌లోంచి తీసిన డిష్‌ని గది వేడికి వచ్చేదాకా బయట ఉంచి తర్వాత ఓవెన్‌లో పెట్టమని అందరూ చెప్తారు, మాట కరెక్టే, 4 డిగ్రీల నుంచి 200కి ఒక్కసారిగా తీసుకెళ్తే ఏ డిష్ అయినా ఇబ్బందే. కానీ విజయవాడలో మే నెలలో వంటింట్లో 40 డిగ్రీలుంటే మసాలా పట్టించిన చికెన్‌ని గంటసేపు బయట పెట్టగలమా, పాడైపోదూ. అందుకే చికెన్ నానబెట్టేది సిరామిక్ డిష్‌లో కాదు, స్టీలు గిన్నెలో. గిన్నె ఫ్రిజ్‌లో ఉంటది, డిష్ ఖాళీగా గట్టు మీదే ఉంటది, ఓవెన్ వేడెక్కాక చికెన్ డిష్‌లోకి మార్చి పెట్టెయ్యండి. అడుగంతా తడి తగిలేలా కాస్త నూనో గ్రేవీనో ఉండాలి, రెండు ముక్కలు మధ్యలో వేసి చుట్టూ ఖాళీ వదిలేస్తే ఖాళీ చోట ఎక్కువ కాగుద్ది. ఖాళీ డిష్ అయితే అసలు పెట్టొద్దు.

చాలా ఇళ్లలో ఉండేది చిన్న ఓటీజీ, అంటే కరెంటు రాడ్లతో కాగే చిన్న ఓవెన్, ఆ రాడ్లు డిష్‌కి బాగా దగ్గరగా ఉంటాయి. ప్రీహీట్ అయ్యేదాకా ఆ రాడ్లు ఎర్రగా కాలుతూనే ఉంటాయి కాబట్టి ఆ టైంలో డిష్ లోపల ఉండకూడదు. ఇనప ట్రే కూడా ముందే తీసెయ్యండి, కాలిన ట్రే మీద డిష్ పెడితే అడుగు ఒక్కసారిగా కాలి చిట్లే అవకాశముంది, వైర్ ర్యాక్ మీద మధ్యలో పెట్టండి, అంచులు రాడ్డుకీ గోడకీ తగలకుండా. పైన చీజ్ ఎర్రబడాలని పైరాడ్ ఒక్కటే ఆన్ చేసే అలవాటుంటే ఆ పనికి అల్యూమినియం డిష్ వాడుకోండి, నా మాట వినండి. గ్యాస్ స్టవ్ మీద పెట్టడం గురించి చెప్పక్కర్లేదు, వద్దు.

క్యారమెల్ పుడ్డింగ్ చేసేవాళ్లకి ఇంకో జాగ్రత్త. పాకం ఎర్రబడేసరికి 170 డిగ్రీల దాకా ఉంటది, దాన్ని చల్లటి చిన్న కప్పులో గబుక్కున పోస్తే ఓవెన్ దాకా వెళ్లకుండానే పగలొచ్చు. కప్పుల్ని ముందు వేడినీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, అప్పుడు పొయ్యండి. జున్నుకైనా పుడ్డింగుకైనా ట్రేలో నీళ్లు పోసి బేక్ చేసేటప్పుడు మధ్యలో నీళ్లు తగ్గితే మరుగుతున్న నీళ్లే పొయ్యాలి, బిందెలో నీళ్లు కాదు. గ్రేవీ ఎండిపోతున్నా అంతే.

బయటికి తీసేటప్పుడే ఎక్కువ పగులుతాయి, ఎందుకంటే వంట అయిపోయిందని జాగ్రత్త వదిలేస్తాం. మన గట్లు గ్రానైటు, రాయి వేడిని లాగేసుకుద్ది, పైగా అప్పుడే తుడిచి తడిగా ఉంటది. పొడి టవల్ నాలుగు మడతలేసి దానిమీద దింపండి, చెక్కపీట ఉన్నా పర్లేదు. మసిగుడ్డ కూడా పూర్తిగా పొడిగా ఉండాలి, తడిదైతే చెయ్యి కాలుద్ది, డిష్ చిట్లుద్ది. పైన ఫ్యాన్ ఆపండి. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా పంపు కింద పెట్టొద్దు.

ఇంత చేసినా లోపల పగిలిందనుకోండి, స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, డోర్ తియ్యకుండా పూర్తిగా చల్లారనివ్వండి. కూర ఎంత బాగా కుదిరినా పారెయ్యాల్సిందే, పైన తీసి తినొచ్చు అనుకోకండి, సన్న పెంకులు గ్రేవీలో కనపడవు. పెద్ద ముక్కలు తీశాక తడి పేపర్‌తో రాడ్ల కిందంతా ఒత్తి తియ్యండి, ముక్కలు మందపాటి పేపర్లో చుట్టి చెత్త బండి అతనికి విడిగా ఇచ్చి గాజులాంటివని చెప్పండి. రెండు ముక్కలే కదా అని అంటించి మళ్లీ వాడే ఆలోచన వద్దు, మామూలు జిగుర్లు ఓవెన్ వేడికి ఆగవు, తిండికి తగలనివ్వదగ్గవీ కావు.