కొత్త పోస్టు సంగతి తర్వాత, ముందు పాత నంబర్ తీసేయండి

చిన్న బిజినెస్‌లో మార్కెటింగ్ ఎలా నడుస్తుందో తెలిసిందేగా, కొన్నాళ్ళు ఊపు మీద రోజూ పోస్టులు, ఆర్డర్లు రాగానే తీరిక లేక మొత్తం గాలికొదిలేయడం, మళ్ళీ సేల్స్ పడిపోయాక గుర్తు రావడం. ఈలోపు మీ పేజీ చూసినవాళ్ళకి వచ్చే డౌట్ ఒకటే, వీళ్ళు ఇంకా ఉన్నారా మూసేశారా అని.

అందుకే కొత్త పోస్టు గురించి ఆలోచించకముందు మీ బిజినెస్ పేరు వేరేవాళ్ళ ఫోన్లో సెర్చ్ చేసి చూడండి. గూగుల్ మ్యాప్స్, ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టా బయో, వాట్సాప్ బిజినెస్ ప్రొఫైల్, మెయిల్ చివర సంతకం, విజిటింగ్ కార్డు, ప్యాకింగ్ మీద స్టిక్కర్, ఎక్కడెక్కడ మీ వివరాలు ఉన్నాయో అన్నీ ఒక షీట్‌లో రాసుకోండి. పక్కనే ఏ నంబర్ ఉంది, ఏ టైమింగ్స్ ఉన్నాయి, ఏ లింక్ ఉంది, లాగిన్ ఎవరి దగ్గరుంది, ఆఖరిసారి ఎప్పుడు చూశారు అనేవి కూడా. లాగిన్ దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు, పేజీ ఎప్పుడో మానేసిన స్టాఫ్ మెయిల్‌తో ఉంటుంది. వాళ్ళు ఫోన్ ఎత్తుతున్నప్పుడే ఓనర్‌షిప్ మార్పించుకోండి.

గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే మీ బిజినెస్ ప్రొఫైల్‌ని ఒకసారి సరిచేసి వదిలేస్తే కుదరదు, ఎందుకంటే అందులో మార్పులు ఎవరైనా సజెస్ట్ చేయొచ్చు, మీరు గమనించకపోతే టైమింగ్స్ మారిపోయి కూర్చుంటాయి. నెలకోసారి చూడండి, సెలవులుంటే స్పెషల్ అవర్స్‌లో ముందే పెట్టేయండి. ఇంకోటి, గూగుల్ ఫ్రీగా ఇచ్చిన, అడ్రస్ చివర business.site అని ఉండే వెబ్‌సైట్లని 2024 మార్చిలో ఆపేసింది, ఆ అడ్రస్ మీ పాత కార్డుల మీద ఉంటే అది పనిచేయదు.

వాట్సాప్‌లో ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టాం కదా అందరికీ వెళ్తుందనుకోకండి, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే అందుతుంది. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడే నంబర్ సేవ్ చేసుకోమని చెప్పాలి. మీరు లేనప్పుడు వాట్సాప్ బిజినెస్ దానంతటదే పంపే ఎవే (away) మెసేజ్‌ని కూడా ఓ కంట కనిపెట్టండి, సెలవులు అయిపోయి షాపు తెరిచాక కూడా "సెలవులో ఉన్నాం, తిరిగొచ్చాక రిప్లై ఇస్తాం" అని వెళ్తూ ఉంటే, అడిగినాయన ఇంకో చోట కొనేసుకుంటాడు.

ఇక పోస్టులు. బాగా పని ఉన్న వారంలో ఎన్ని పెట్టగలరో అదే మీ లెక్క, ఖాళీగా ఉన్న వారం చూసి ప్లాన్ వేసుకోకండి. వారానికి ఒకటే అయినా పర్లేదు, కానీ ఆగకూడదు. ఒక రోజు కాస్త టైమ్ పెట్టుకుని ఫేస్‌బుక్ వాళ్ళదే అయిన మెటా బిజినెస్ సూట్ అనే టూల్‌లో ఫేస్‌బుక్‌కీ ఇన్‌స్టాకీ కలిపి షెడ్యూల్ చేసేస్తే ఆ వారం దాని జోలికి పోనక్కర్లేదు.

ఏం పెట్టాలో తెలీట్లేదు అంటారు, మీ ఇన్‌బాక్స్ తెరవండి చాలు. "డెలివరీకి ఎన్ని రోజులు పడుతుంది", "సైజు సరిపోకపోతే మారుస్తారా" అని పదే పదే అడుగుతున్నారా, దానికి ఒక్కసారి శుభ్రంగా జవాబు రాయండి. అదే ఒక పోస్టు, అదే వాట్సాప్ క్విక్ రిప్లై (ముందే సేవ్ చేసి పెట్టుకునే జవాబు), అదే వెబ్‌సైట్‌లో ఒక పేరా. మూడు చోట్లా ఒకే మాట ఉంటుంది, రూల్ మారిన రోజు ఎక్కడెక్కడ మార్చాలో షీట్‌లో ఉంటుంది.

ఆఫర్ పెడితే చివరి తేదీ పోస్టులోనే రాయండి, ఆ తేదీకి మీ ఫోన్లో రిమైండర్ కూడా పెట్టుకోండి, లేకపోతే పైన పిన్ చేసిన ఆఫర్ అయిపోయాక కూడా అలాగే ఉండి కౌంటర్ దగ్గర గొడవ అవుతుంది. లోగో ఒకటే ఫైల్, పేరు స్పెల్లింగ్ ఒకటే, అంతే, డిజైన్ గురించి అంతకుమించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

మెయింటైన్ చేయలేని అకౌంట్ ఏదైనా ఉంటే మొహమాటపడకండి. "ఇక్కడ యాక్టివ్‌గా లేం, ఫలానా చోట కలవండి" అని ఒక పోస్టు పిన్ చేసి, నంబర్ సరిచూసి, వదిలేయండి.