ఓవర్‌క్లాకింగ్ స్వయంగా నేర్చుకుందాం – 3: ‘ఆటో’ వోల్టేజీ తెచ్చిన తంటా

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ను దాని అసలు వేగానికి మించి నడపడం. అందుకోసం మల్టిప్లయర్‌ను (100 మెగాహెర్ట్జ్ మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే సంఖ్యను; 45 అంటే 4.5 గిగాహెర్ట్జ్) ఒక్కొక్క మెట్టుగా పెంచమని గత పాఠంలో చెప్పిన నేను, వోల్టేజీని ఏం చేయాలో చెప్పడం మరిచాను. దాంతో చాలామంది దానిని ‘ఆటో’లోనే వదిలేసి 45 నుంచి 48కి వెళ్ళారు, ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరి తన వేగాన్ని తానే తగ్గించుకుంటోందని వాపోయారు. తప్పు నాదే కనుక ర్యామ్ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. (మల్టిప్లయర్ అసలు కదలనే లేదన్నవారు తమ ప్రాసెసర్ పేరు చూసుకోవాలి, సాధారణ ఇంటెల్ డెస్క్‌టాప్ రకాల్లో ‘కె’ అక్షరం లేనివాటికి ఆ తాళం తెరుచుకోదు.)

‘ఆటో’ అంటే తగినంత అని అర్థం కాదు. ఆటోలో వోల్టేజీని నిర్ణయించేది మదర్‌బోర్డు. కంప్యూటర్ ఆగిపోకుండా ఉండడమే ఆ బోర్డుకు ముఖ్యం కాబట్టి, మల్టిప్లయర్ పెరగగానే అది తరచుగా అవసరానికి మించిన వోల్టేజీని పంపుతుంది. విద్యుత్ వినియోగం వేగంతో నేరుగా పెరిగితే, వోల్టేజీతో దాని వర్గం మేరకు పెరుగుతుంది. 1.20 వోల్టుల వద్ద, 4.5 గిగాహెర్ట్జ్‌లో 100 వాట్లు తీసుకునే ప్రాసెసర్‌ను అదే వోల్టేజీతో 4.8కి చేరిస్తే సుమారు 107 వాట్లు అవుతుంది. బోర్డు చొరవ తీసుకుని 1.38 వోల్టులు ఇస్తే 141 అవుతుంది. అంటే మీరు కోరిన వేగానికి పడిన ఖర్చు 7 వాట్లు, ఎవరూ కోరని వోల్టేజీకి పడినది 34 వాట్లు. లీకేజీని (ట్రాన్సిస్టర్ల నుంచి ఊరికే కారిపోయే విద్యుత్తును) ఇందులో కలపలేదు. పెద్ద కూలర్ కొనాలా అని అడిగినవారికి నా జవాబు ఈ లెక్కే.

కనుక ముందుగా బయాస్‌ను (మదర్‌బోర్డు అమరికలను మార్చే ప్రోగ్రామ్‌ను) అసలు అమరికలకు తెచ్చి, పూర్తి భారం మీద ప్రాసెసర్ తీసుకునే వోల్టేజీని రాసుకుని, దానినే మాన్యువల్‌గా స్థిరపరచండి. ఆపై ఒక మెట్టు పెంచి పరీక్షించండి. లోపం కనబడితే 0.01 వోల్టు చొప్పున కలపండి. ఒక్క మెట్టుకు ప్రాసెసర్ 0.05 వోల్టుకు మించి అడిగినా, పరీక్షలో 85 డిగ్రీలు దాటినా నేను వెనక్కి దిగిపోతాను. చివరి 100 మెగాహెర్ట్జ్ మీద నాకు మోజు లేదు. తెర వెలగకపోతే కరెంటు తీసి సీమాస్‌ను (బయాస్ అమరికలు దాచుకునే మెమరీని) క్లియర్ చేయడం మీకు తెలిసినదే.

అభ్యాసం: అసలు స్థితికి, దానికి పైనున్న మూడు మెట్లకు విడివిడిగా ప్రైమ్95ను (ప్రాసెసర్‌పై పూర్తి భారం మోపే పరీక్షా ప్రోగ్రామ్‌ను) గంటసేపు నడిపి వోల్టేజీ, ఉష్ణోగ్రత, వాస్తవ వేగం పట్టికగా రాయండి, నిలిచిన చివరి మెట్టును రాత్రంతా పరీక్షించండి. ఈ పట్టిక పూర్తికాకుండా ర్యామ్ జోలికి వెళితే, తరువాత వచ్చే లోపం ప్రాసెసర్‌దో ర్యామ్‌దో తేల్చడం మీకూ సాధ్యపడదు, నాకూ సాధ్యపడదు.