వీడియో చుట్టూ నల్ల పట్టీలా? ముందు మెనూ చూడండి

పాత పెళ్లి వీడియో చూద్దామని పెన్‌డ్రైవ్ పెడితే, 43 అంగుళాల టీవీ మధ్యలో ఎదురింటి కిటికీలోంచి చూస్తున్నట్టు చిన్న బొమ్మ, చుట్టూ నలుపు. మా అక్క పెళ్లి వీడియో ఇలాగే వచ్చింది. టీవీ పాడైందనుకుని నాన్న మెకానిక్‌కు ఫోను చేయబోయారు. టీవీలో ఏ లోపమూ లేదు. నల్ల పట్టీలు కనిపించగానే రిమోట్‌లో దొరికిన బటనల్లా నొక్కుతాం, చివరికి మనుషుల ముఖాలు సాగిపోయి ఇంకా పాడవుతుంది. పట్టీ ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే పని సగం అయినట్టే.

అందుకు ఒక చిన్న పరీక్ష చాలు. వీడియో ఆపి, సెట్ టాప్ బాక్స్ మెనూ గాని, కంప్యూటర్ డెస్క్‌టాప్ గాని తెరపైకి తీసుకురండి. అది కూడా నల్ల చట్రంలోనే ఉంటే తప్పు ఆ పరికరానికీ టీవీకీ మధ్య ఉంది. మెనూ తెర నిండా వచ్చి, వీడియో ఒక్కటే కుదించుకుపోతే తప్పు ఆ వీడియోలోనో, దాన్ని చూపించే తీరులోనో ఉంది.

మెనూ కూడా నిండటం లేదు

సెట్ టాప్ బాక్స్ అయితే దాని సెట్టింగ్స్‌లో టీవీ ఆకారం 4:3 (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు) అని ఉందేమో చూడండి. పాత డబ్బా టీవీ తీసేసి కొత్తది కొన్న ఇళ్లలో ఇది తరచుగా మిగిలిపోతుంది. 16:9కి మార్చండి.

కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ తీగతో కలిపితే ముందు రిజల్యూషన్, అంటే తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో (పిక్సెల్‌లు) చూడండి. టీవీకి తగినది, అంటే మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీకి 1920×1080, పెట్టాలి. అయినా చుట్టూ సన్నని చట్రం మిగిలితే గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తెరవండి. ఏఎండీ గ్రాఫిక్స్ కార్డులో హెచ్‌డీఎంఐ స్కేలింగ్ అనే స్లైడర్ ఉంటుంది. డెస్క్‌టాప్ అంచులు టీవీ అంచులను తాకేదాకా దాన్ని జరపండి. అప్పుడు అంచులు తెర బయటకు పోయి కింది టాస్క్‌బార్ తెగితే, ఆ తప్పు టీవీది. పిక్చర్ సైజులో ఎల్జీలో జస్ట్ స్కాన్, సామ్‌సంగ్‌లో ఫిట్ టు స్క్రీన్, సోనీలో ఫుల్ పిక్సెల్ వంటి పేరుతో ఉన్నదాన్ని ఎంచుకోండి.

పైనా కిందా మాత్రమే నలుపు

ఇది సినిమా అయితే చాలావరకు ఏ తప్పూ లేదు. టీవీ తెర 16:9, అంటే ఎత్తుకు 1.78 రెట్లు వెడల్పు. సినిమాస్కోప్ బొమ్మ 2.39 రెట్లు. ఆ వెడల్పును 1920 చుక్కల్లో పట్టించాలంటే ఎత్తు సుమారు 804 చుక్కలకే ఆగుతుంది, పైనా కిందా చెరో 138 నల్లగా మిగులుతాయి. జూమ్ చేసి నింపితే రెండు పక్కల నుంచి కలిపి బొమ్మలో పావు వంతు పోతుంది. ఒక చివర అన్న, మరో చివర తమ్ముడు నిలబడి మాట్లాడుకునే దృశ్యంలో ఇద్దరూ సగం సగం మాయమవుతారు. ఆ పట్టీలను అలాగే వదిలేయమనే చెబుతాను. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు కొలిచి పెట్టిన చట్రం అది.

ఎడమా కుడీ నలుపు

పాత సినిమా అయితే ఇదీ సహజమే. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. అంతకు ముందువి చాలావరకు 4:3కి దగ్గరి ఆకారంలో ఉంటాయి. వాటిని వైడ్, స్ట్రెచ్ అంటూ సాగదీస్తే గుండ్రటి ముఖం గుమ్మడికాయ అవుతుంది. నాకు అది చూడటం బాధగా ఉంటుంది.

ఫోనులో అయితే 20:9 తెర మీద 16:9 వీడియో నిండదు. యూట్యూబ్‌లో రెండు వేళ్లతో బయటికి లాగితే నిండుతుంది, కానీ పైనా కిందా కలిపి ఐదో వంతు పోతుంది. వంట వీడియోలో అడుగున వేసిన కొలతలు పోయేది అక్కడే.

నాలుగు వైపులా నలుపు, మెనూ మాత్రం బాగుంది

అక్క పెళ్లి వీడియో కథ ఇదే. అప్పటి కెమెరా వెడల్పు బొమ్మను 4:3 చట్రంలో ఇరికించి, పైనా కిందా నలుపు పెట్టి టేపుకెక్కించింది. తర్వాత టేపును ఫైలుగా మార్చిన చోట ఆ 4:3 చట్రాన్ని 16:9లో పెట్టి, ఎడమా కుడీ మళ్లీ నలుపు చేర్చారు. 1920×1080 ఫైలులో అసలు బొమ్మ 1440×810 మాత్రమే. తెరలో దాదాపు 44 శాతం ఉత్త నలుపు.

ఇక్కడ మాత్రం నింపడమే సరైన పని, ఎందుకంటే కత్తిరించేది నలుపునే. కొన్ని టీవీల్లో జూమ్ మోడ్‌తోనే సరిపోతుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ప్లేయర్‌తో చూస్తుంటే, క్రాప్ (కత్తిరింపు) కోసం సి అక్షరం నొక్కి 16:9 ఎంచుకున్నా ఏమీ మారదు. ఫైలు అప్పటికే 16:9 కదా! టూల్స్‌లో ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్ తెరిచి, వీడియో ఎఫెక్ట్స్‌లో క్రాప్ దగ్గర పైన 135, కింద 135, ఎడమ 240, కుడి 240 ఇవ్వండి. నేను అంకెలు వేయగానే మండపం తెర అంచుల దాకా పరుచుకుంది.

శాశ్వతంగా మార్చాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో డైమెన్షన్స్ పేజీలో క్రాపింగ్ ఆటోమేటిక్‌గా ఉంటుంది, కొత్త వీడియోలకు అది బాగానే పనిచేస్తుంది. పాత టేపుల అడుగున మిణుకుమిణుకుమనే సన్నని గీత ఒకటి ఉంటుంది. దాన్ని బొమ్మే అనుకుని సాఫ్ట్‌వేర్ కింది నలుపును కత్తిరించకుండా వదిలేయవచ్చు. అప్పుడు కస్టమ్ ఎంచుకుని పై నాలుగు అంకెలు మీరే ఇవ్వండి. మీ వీడియోలో పట్టీల మందం వేరుగా ఉంటే, ఒక ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి పెయింట్‌లో తెరవండి. నలుపు ఆగే చోట మౌస్ పెడితే, ఎడమ నుంచీ పై నుంచీ ఎన్ని చుక్కలో కింద చూపిస్తుంది. స్క్రీన్‌షాట్ 1920×1080 కాకపోతే ఆ లెక్క పనికిరాదు, అది ముందే సరిచూసుకోండి.

కొత్త ఫైలును పెళ్లిపందిరి నుంచి అప్పగింతల దాకా ఒకసారి పూర్తిగా చూడండి. అంతవరకు పాత ఫైలును తీసేయకండి.